ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు మొదటి మార్పు పంపడం ఎలా: డాక్యుమెంటేషన్ నుంచి మొదలుపెట్టండి

ఓపెన్ సోర్స్‌లో (ఎవరైనా చూసి, మార్చి, పంచుకోగలిగేలా కోడ్ విడుదల చేసే సాఫ్ట్‌వేర్‌లో) చేయి వేద్దామనుకునేవాళ్ళలో ఎక్కువమంది నేరుగా కోడ్ తెరుస్తారు. వందల ఫోల్డర్లు కనబడతాయి, ఎక్కడ పట్టుకోవాలో తెలియదు, వారం తిరక్కుండా ఆ ట్యాబ్ మూసేస్తారు. డాక్యుమెంటేషన్ దగ్గర, అంటే సాఫ్ట్‌వేర్ వాడే పద్ధతి చెప్పే పేజీల దగ్గర మొదలుపెడితే దారి తొందరగా దొరుకుతుంది. ఇది కోడ్ రానివాళ్ళకు మిగిల్చిన పని కాదు, కొత్తవాళ్ళు మాత్రమే బాగా చేయగలిగిన పని. ఏళ్ళుగా ప్రాజెక్టు నడుపుతున్నవాళ్ళ కంప్యూటర్‌లో కావలసినవన్నీ ఎప్పుడో అమర్చి ఉంటాయి. ఇన్‌స్టాలేషన్ పేజీలో ఒక మెట్టు ఎగిరిపోయినా వాళ్ళకు తెలిసే అవకాశం లేదు. నిన్నగాక మొన్న వాడటం మొదలుపెట్టిన మీకు అది వెంటనే తగులుతుంది. కాకపోతే ఆ చూపు ఎక్కువ రోజులు నిలవదు, కొన్ని వారాల్లో మీకూ అలవాటైపోతుంది. అందుకని సాఫ్ట్‌వేర్‌ను మొదటిసారి ఇన్‌స్టాల్ చేస్తున్నప్పుడే పక్కన ఒక నోట్స్ ఫైలు తెరిచి పెట్టుకోండి. ఏ పేజీలో, ఏ వాక్యం దగ్గర ఆగారు, ఏ ఎర్రర్ వచ్చింది, చివరికి ఏం చేస్తే కదిలింది. ఈ నాలుగూ రాసుకుంటే చాలు, మీ మొదటి మార్పుకు సరుకు అక్కడే ఉంది.

(కింద కమాండ్ల పేర్లు పలికినట్టుగా తెలుగులో రాశాం. టెర్మినల్‌లో మామూలుగా ఆంగ్ల అక్షరాలతోనే టైప్ చేయాలి.)

ప్రాజెక్టును ఎంచుకునే ముందు

మీరు నిజంగా వాడుతున్నదాన్నే ఎంచుకోండి. ‘బిగినర్లకు అనుకూలమైన ప్రాజెక్టులు’ అనే జాబితాల్లోంచి వెతికి పట్టుకున్నదాంట్లో ఏది తప్పో ఏది ఒప్పో మీకు తెలియదు. వాడనిదాన్ని సరిచేయబోతే ఊహలు రాస్తారు.

ఎంచుకున్నాక అది బతికి ఉందో లేదో చూడండి. ప్రాజెక్టులు తమ కోడ్ ఉంచే గిట్‌హబ్ లాంటి సైట్లలో, నచ్చినవాళ్ళు ఇచ్చే నక్షత్రాల సంఖ్య దీనికి పనికిరాదు. తెరిచి ఉన్న ఇష్యూల (లోపాలు, కోరికలు తెలిపే టికెట్ల) సంఖ్య కూడా అంతే, పెద్ద ప్రాజెక్టుల్లో అవి తరచుగా వేలల్లో ఉంటాయి. చూడాల్సింది మూసిన పుల్ రిక్వెస్టుల (‘నా మార్పు కలుపుకోండి’ అని పంపే అభ్యర్థనల) పేజీ. చివరి పది, ఇరవై తెరిచి చదవండి. బయటివాళ్ళు పంపినవి మెర్జ్ అవుతున్నాయా, అంటే ప్రాజెక్టులో కలుస్తున్నాయా? మొదటి జవాబు రావడానికి ఎన్ని రోజులు పడుతోంది? మెయింటెయినర్లు (ప్రాజెక్టును నడిపేవాళ్ళు) ఎలా మాట్లాడుతున్నారు? అరగంట ఇక్కడ పెడితే తర్వాత నెలల తరబడి జవాబు కోసం ఎదురుచూసే పని తప్పుతుంది. రిపో (ప్రాజెక్టు ఫైళ్ళన్నీ ఉండే చోటు) పైన ‘ఆర్కైవ్డ్’ అని ఉంటే అక్కడికి ఏమీ పంపలేరు.

తర్వాత ‘కాంట్రిబ్యూటింగ్’ అనే ఫైలు పూర్తిగా చదవండి. అందులో ముఖ్యంగా వెతకాల్సింది: మార్పులు అసలు ఎక్కడ తీసుకుంటారు? గిట్‌హబ్‌లో కనబడే ప్రతి రిపో పుల్ రిక్వెస్టులు తీసుకోదు, కొన్ని అద్దంలా చూపించే నకళ్ళు మాత్రమే. లినక్స్ కెర్నల్ మార్పులు ఇప్పటికీ ప్యాచ్‌లుగా, అంటే మారిన వరసలు చూపే పాఠ్యంగా, ఈమెయిల్‌లోనే వెళ్తాయి. లినక్స్ డెస్క్‌టాప్ ప్రాజెక్టులైన గ్నోమ్ 2018లో, కేడీఈ 2020లో సొంత గిట్‌ల్యాబ్‌లకు (గిట్‌హబ్ లాంటిదే, సొంత సర్వర్‌లో నడుపుకోవచ్చు) మారాయి. లిబ్రేఆఫీస్ కోడ్ గెర్రిట్ అనే రివ్యూ వ్యవస్థ ద్వారా వెళ్తుంది. ఇది చూడకుండా నకలు రిపోకు పంపిన పుల్ రిక్వెస్టును ఒక రోబో మూసేస్తుంది, లేదా ఎవరూ చూడరు.

అదే ఫైల్లో ఇంకో మూడు సంగతులు ఉంటాయి. ముందు ఇష్యూ తెరవాలా, నేరుగా మార్పు పంపవచ్చా అన్నది ఒకటి. జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) లాంటి చోట్ల చిన్న డాక్యుమెంటేషన్ సవరణకు టికెట్ అక్కర్లేదు, కోడ్‌కైతే కావాలి. ఏ బ్రాంచ్ (కోడ్‌లో విడిగా సాగే శాఖ) మీద పని చేయాలన్నది రెండోది. ఏఐ పరికరాలతో రాసినవి తీసుకుంటారా లేదా అన్నది మూడోది. జెంటూ లినక్స్ 2024 ఏప్రిల్‌లో వాటిని పూర్తిగా నిషేధించింది. కొన్ని ప్రాజెక్టులు వాడామని చెబితే చాలంటాయి. నియమం ఏదైనా, మీరు పంపిన ప్రతి వాక్యానికీ మీరే జవాబు చెప్పగలగాలి. లేని ఆప్షన్‌ను ఉన్నట్టు వర్ణించిన పేజీ ఒకటి పంపితే మీ తర్వాతి మార్పును ఎవరూ నమ్మి చదవరు.

లైసెన్సు, సంతకం

రిపోలో లైసెన్స్ ఫైలు లేకపోతే ఆగండి. కోడ్ కళ్ళెదుట ఉన్నంత మాత్రాన అది ఓపెన్ సోర్స్ కాదు, కాపీరైట్ అంతా రాసినవాళ్ళ దగ్గరే ఉంటుంది.

కోడ్‌కూ డాక్యుమెంటేషన్‌కూ లైసెన్సులు వేరుగా ఉండవచ్చు. కుబర్నెటీస్ కోడ్ అపాచీ 2.0 కింద ఉంటే, దాని డాక్యుమెంటేషన్ క్రియేటివ్ కామన్స్ ఆట్రిబ్యూషన్ 4.0 కింద ఉంది. దీనివల్ల మీకు ఆచరణలో వచ్చే తేడా ఒకటే: వేరే చోట నుంచి పేరా కాపీ చేసి అతికించకండి. ప్రశ్నోత్తరాల సైట్లలోని సమాధానాలకు కూడా సొంత లైసెన్సులుంటాయి. విషయం అర్థం చేసుకుని మీ మాటల్లో రాయండి.

కొన్ని ప్రాజెక్టులు డీసీఓ (డెవలపర్ సర్టిఫికేట్ ఆఫ్ ఆరిజిన్) అడుగుతాయి. 2004లో లినక్స్ కెర్నల్ కోసం వచ్చిన పద్ధతి ఇది. ‘ఇది పంపే హక్కు నాకుంది’ అని చెబుతూ కమిట్ (మార్పుల చరిత్ర ఉంచే ‘గిట్’ పరికరంలో భద్రపరిచిన ఒక మార్పు) సందేశం చివర ‘సైన్డ్ ఆఫ్ బై’ అనే వరసలో మీ పేరు, ఈమెయిల్ ఉండాలి. గిట్ కమిట్‌కు హైఫన్, చిన్న ఎస్ జోడిస్తే ఆ వరస దానంతట అదే పడుతుంది. ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు ఈమెయిల్ కలవకపోవడం. కమిట్ రచయితగా ఒక చిరునామా, సంతకంలో ఇంకొకటి ఉంటే, మార్పు పంపగానే యంత్రం చేసే తనిఖీ తప్పి ఎర్రగా మారుతుంది. మరికొన్ని ప్రాజెక్టులు సీఎల్‌ఏ (కాంట్రిబ్యూటర్ లైసెన్స్ అగ్రిమెంట్) అనే ఒప్పందంపై ఒక్కసారి సంతకం అడుగుతాయి. మీరు ఉద్యోగంలో ఉంటే, ఖాళీ సమయంలో రాసినదాని మీద కూడా కంపెనీకి హక్కు ఉందని మీ ఒప్పందంలో ఉండవచ్చు. సంతకం పెట్టే ముందు అది చదవండి, తర్వాత కాదు.

ఏం సరిచేయాలి

అక్షర దోషం దిద్దడం తప్పేమీ కాదు, కానీ అదొక్కటే పంపాలని చూడకండి. 2020 అక్టోబరులో, పుల్ రిక్వెస్టులు పంపినవారికి టీ షర్టు ఇచ్చే హ్యాక్‌టోబర్‌ఫెస్ట్ కార్యక్రమం సమయంలో, ఆ టీ షర్టు కోసం రీడ్‌మీ ఫైళ్ళలో (ప్రాజెక్టు పరిచయ ఫైళ్ళలో) ఒకటి రెండు పొగడ్త మాటలు చేర్చిన పుల్ రిక్వెస్టులు కుప్పతెప్పలుగా వచ్చిపడ్డాయి. చివరికి నిర్వాహకులు, ప్రాజెక్టులు తమంతట తాము ఒప్పుకుంటేనే లెక్కలోకి తీసుకుంటామని నియమం మార్చాల్సి వచ్చింది. అప్పటినుంచి అలాంటి చిన్న మార్పులను మెయింటెయినర్లు అనుమానంగానే చూస్తారు. ఎందుకో ఊహించడం కష్టం కాదు. మార్పు ఒక్క అక్షరమైనా వాళ్ళు నోటిఫికేషన్ తెరవాలి, తేడా (పాత, కొత్త వరసల మధ్య ఏం మారిందో చూపే ‘డిఫ్’) చూడాలి, తనిఖీలు నడవనివ్వాలి, మెర్జ్ చేయాలి. మీరు పంపేది ఎంత చిన్నదైనా అవతలి మనిషి సమయం ఇంత అని ఖర్చవుతుంది. దానికి తగిన ప్రయోజనం ఉండాలి.

విలువైనవి ఇవి: తప్పిపోయిన మెట్టు, కొత్త వెర్షన్‌లో పనిచేయని ఉదాహరణ, పేరు మారిపోయిన ఆప్షన్, ఎర్రర్ సందేశం కనబడుతుంది కానీ దానికి పరిష్కారం ఎక్కడా లేకపోవడం, డిఫాల్ట్ విలువ చెప్పకపోవడం. ఇలాంటిది ఒక్కటి సరిచేసినా మీ తర్వాత వచ్చే ప్రతి మనిషికీ ఒక గంట మిగులుతుంది.

దొరికినదాన్ని మళ్ళీ జరిపి చూడాలి. మీ కంప్యూటర్‌లో ఇప్పటికే ఏదో అమర్చి ఉండటం వల్ల సమస్య వచ్చి ఉండవచ్చు, లేదా రావాల్సిన సమస్య రాకుండా పోవచ్చు. కంటెయినర్‌లోనో వర్చువల్ మెషీన్‌లోనో (మీ కంప్యూటర్‌లోనే విడిగా నడిచే వ్యవస్థలివి) ఏమీ లేని వ్యవస్థ తీసుకుని, పేజీలో ఉన్నది ఉన్నట్టు మొదటి వరస నుంచి చేయండి. మీ తెలివి వాడకండి. పేజీ చెప్పనిది ఏదైనా చేయాల్సి వస్తే అదే లోపం.

ఆ తర్వాత రెండు చోట్ల వెతకాలి. తెరిచి ఉన్న ఇష్యూలతో పాటు మూసినవీ చూడండి. ఇంతకు ముందు ఎవరో అడిగి, ‘కావాలనే అలా ఉంచాం’ అని జవాబు వచ్చి ఉండవచ్చు. రెండోది, పేజీ తాజా రూపం. మీరు బ్రౌజర్‌లో చదివింది పాత విడుదల తాలూకు డాక్యుమెంటేషన్ కావచ్చు. మెయిన్ బ్రాంచ్‌లో అది ఈపాటికే దిద్ది ఉంటే మీ పని అయిపోయినట్టే.

ఇష్యూ రాయడం

శీర్షికలో పేజీ పేరు, లోపం రెండూ ఉండాలి. ‘డాక్స్ బాగాలేవు’ అని కాదు, ‘ఇన్‌స్టాలేషన్ పేజీ: మూడో మెట్టులో కాన్ఫిగ్ ఫైలు ఎక్కడ పెట్టాలో లేదు’ అని. లోపల పేజీ లింకు, సాఫ్ట్‌వేర్ వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్, మీరు చేసిన మెట్లు, రావాల్సింది ఏమిటి, వచ్చింది ఏమిటి. ఎర్రర్‌ను స్క్రీన్‌షాట్‌గా కాకుండా అక్షరాలుగా పెట్టండి, బొమ్మలోని అక్షరాలను తర్వాతివాళ్ళు వెతికి పట్టుకోలేరు. చివర్లో ‘ఈ మార్పు నేను పంపగలను, ఇలా రాద్దామనుకుంటున్నాను’ అని రెండు వాక్యాలు చేర్చితే జవాబు త్వరగా వస్తుంది.

‘ఇది నాకు అప్పగించండి’ అని ఇష్యూ కింద రాసి ఎదురుచూడటం చాలామంది చేసే పని. అనేక ప్రాజెక్టుల్లో అప్పగింతలుండవు, ఎవరు ముందు మంచి మార్పు పంపితే వాళ్ళదే. కాంట్రిబ్యూటింగ్ ఫైలు అడగమని చెబితేనే అడగండి.

భద్రతా లోపం దొరికితే మాత్రం బహిరంగ ఇష్యూ తెరవకండి. ‘సెక్యూరిటీ’ అనే ఫైల్లో ప్రైవేటుగా తెలిపే దారి ఉంటుంది.

కంప్యూటర్‌ను సిద్ధం చేసుకోవడం

ఒక వాక్యం మార్పుకు ఇదంతా అక్కర్లేదు. పేజీలో ‘ఎడిట్’ లింకు నొక్కితే గిట్‌హబ్, గిట్‌ల్యాబ్ రెండూ బ్రౌజర్‌లోనే మార్చి పంపనిస్తాయి. ఒకటి కన్నా ఎక్కువ ఫైళ్ళు తాకుతున్నా, పేజీ బిల్డ్ చేసి (మూల ఫైళ్ళ నుంచి వెబ్ పేజీగా తయారుచేసి) చూడాలన్నా కింది పద్ధతి పట్టండి.

1. గిట్ ఇన్‌స్టాల్ చేసి, గిట్ కాన్ఫిగ్‌తో మీ పేరు, ఈమెయిల్ అమర్చండి. ఆ ఈమెయిల్ ప్రతి కమిట్‌లోనూ అందరికీ, శాశ్వతంగా కనబడుతుంది. అది ఇష్టం లేకపోతే గిట్‌హబ్ ఇచ్చే ‘నో రిప్లై’ చిరునామా వాడండి. అయితే డీసీఓ అడిగేచోట అది ఒప్పుకుంటారేమో ముందే చూడండి.

2. ఎస్‌ఎస్‌హెచ్ కీ (పాస్‌వర్డ్ బదులు వాడే జంట ఫైళ్ళు) సృష్టించి, దాని పబ్లిక్ భాగాన్ని మీ ఖాతాలో చేర్చండి. 2021 ఆగస్టు 13 నుంచి గిట్‌హబ్ పుష్ చేయడానికి (మీ మార్పులు సైట్‌కు పంపడానికి) ఖాతా పాస్‌వర్డ్‌ను ఒప్పుకోవడం లేదు. కీ గానీ టోకెన్ గానీ ఉండాల్సిందే. పాత పాఠాలు చూసి పాస్‌వర్డ్ కొడుతూ ఇక్కడే చిక్కుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు.

3. వెబ్‌లో ఫోర్క్ నొక్కి (రిపోకు మీ ఖాతాలో సొంత నకలు వస్తుంది), మీ ఫోర్క్‌ను గిట్ క్లోన్‌తో దించుకోండి. దానికి ‘ఆరిజిన్’ అనే పేరు వస్తుంది. అసలు ప్రాజెక్టును గిట్ రిమోట్ యాడ్‌తో ‘అప్‌స్ట్రీమ్’ పేరున చేర్చండి. రిపో చాలా పెద్దదై నెట్ నెమ్మదిగా ఉంటే, క్లోన్‌కు ‘డెప్త్’ ఆప్షన్ 1గా ఇస్తే చరిత్ర లేకుండా తాజా రూపం మాత్రం దిగుతుంది. కానీ పాత మార్పులను చూడటం, తర్వాత రీబేస్ చేయడం (మీ మార్పులను తాజా కోడ్ మీదికి మార్చడం) ఇబ్బంది అవుతుంది.

4. గిట్ ఫెచ్ అప్‌స్ట్రీమ్‌తో తాజా మార్పులు తెచ్చుకుని, అప్‌స్ట్రీమ్ మెయిన్ నుంచి కొత్త బ్రాంచ్ తీయండి. గిట్ స్విచ్ కమాండ్‌కు హైఫన్ సి ఇచ్చి బ్రాంచ్ పేరు రాస్తే సరిపోతుంది. గిట్ 2.23 కన్నా పాతదైతే స్విచ్ ఉండదు, చెక్‌అవుట్ వాడాలి.

నాలుగో మెట్టు దాటేసి నేరుగా మీ మెయిన్ మీదే పని చేస్తే ఏమవుతుందో చెప్పాలి. మీ పుల్ రిక్వెస్టు ఆ బ్రాంచ్‌ను చూపిస్తూ ఉంటుంది. రేపు అక్కడ చేసిన మరో సంబంధంలేని కమిట్ కూడా అదే రిక్వెస్టులోకి దూరుతుంది. రెండు మార్పులు ఒకేసారి పంపడం కుదరదు. ఒక మార్పు, ఒక బ్రాంచ్.

విండోస్‌లో ఇంకో చిక్కు ఉంది. మీరు ఒక్క వరస మార్చినా తేడాలో ఫైలంతా మారినట్టు చూపిస్తే, వరస ముగింపు గుర్తులు మారిపోయాయన్నమాట. మీ ఎడిటర్ ‘సీఆర్‌ఎల్‌ఎఫ్’గా సేవ్ చేస్తోంది, ప్రాజెక్టు ‘ఎల్‌ఎఫ్’ వాడుతోంది. ఎడిటర్‌లో ఆ ఫైలుకు ఎల్‌ఎఫ్ ఎంచుకుని మళ్ళీ సేవ్ చేయండి. అలాంటి తేడాను ఏ రివ్యూయర్ చదవడు, చదవలేడు.

సరైన ఫైలు పట్టుకుని మార్చడం

పేజీలోంచి ఎక్కడా రాని వింత పదబంధం ఒకటి తీసుకుని గిట్ గ్రెప్‌తో వెతకండి. సాధారణంగా ‘డాక్స్’ అనే ఫోల్డర్‌లో దొరుకుతుంది. అక్కడ లేకపోతే రెండు అవకాశాలున్నాయి. డాక్యుమెంటేషన్‌కు వేరే రిపో ఉండవచ్చు. లేదా ఆ పేజీ కోడ్‌లోని వ్యాఖ్యల నుంచి యంత్రం తయారుచేసింది కావచ్చు. ఫంక్షన్లు, క్లాసుల వివరాలుండే రిఫరెన్స్ పేజీలు చాలావరకు అలా పుడతాయి. అప్పుడు కోడ్ ఫైల్లోని డాక్‌స్ట్రింగ్‌నే (ఆ వివరణ వ్యాఖ్యనే) దిద్దాలి. బిల్డ్ అయి వచ్చిన హెచ్‌టీఎమ్‌ఎల్‌ను దిద్దితే తర్వాతి బిల్డ్‌లో మీ శ్రమ కొట్టుకుపోతుంది.

ఫైలు మార్క్‌డౌనా, రీస్ట్రక్చర్డ్‌టెక్స్టా (పేజీ ఆకృతిని గుర్తులతో రాసే రెండు పద్ధతులివి) చూసుకోండి. రెండూ ఒకేలా కనిపిస్తాయి కానీ కావు. కోడ్ ముక్కను చూపడానికి మార్క్‌డౌన్‌లో ఇరువైపులా ఒక్కో బ్యాక్‌టిక్ (` గుర్తు) చాలు, రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్‌లో రెండేసి కావాలి. ఒక్కటే పెడితే మామూలుగా అది వాలు అక్షరాలుగా వస్తుంది, ఎర్రర్ ఏమీ రాదు, అందుకే తప్పించుకుపోతుంది. రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్‌లో శీర్షిక కింది గీత శీర్షికంత పొడవైనా ఉండాలి, శీర్షికకు ఒక మాట చేర్చి గీత పెంచడం మరిచిపోతే హెచ్చరిక వస్తుంది. జాబితాకు ముందు ఖాళీ వరస వదలకపోతే అంతా కలిసి ఒకే పేరా అవుతుంది.

ఇక రాత. తప్పిపోయిన మెట్టు ఎలా నింపాలో ఒక ఉదాహరణ చూడండి. పేజీలో ‘నమూనా కాన్ఫిగ్ ఫైలును కాపీ చేసి, సర్వర్ ప్రారంభించండి’ అని ఉందనుకోండి. ఇది రాసినవారికి పూర్తి వాక్యం. చదివేవారికి కనీసం నాలుగు ప్రశ్నలు మిగిలాయి: నమూనా ఏ ఫోల్డర్‌లో ఉంది, ఎక్కడికి కాపీ చేయాలి, అందులో తప్పకుండా మార్చాల్సిన విలువలేమిటి, సర్వర్ నడుస్తోందని ఎలా తెలుస్తుంది. దాన్ని మూడు మెట్లుగా విడగొట్టండి. మొదటిది కాపీ చేసే పూర్తి కమాండ్, రెండు దారులతో (ఎక్కడి నుంచి, ఎక్కడికి) సహా. రెండోది, మార్చాల్సిన ఒకటి రెండు విలువల పేర్లు, మిగతావి అలాగే వదలవచ్చన్న మాట. మూడోది, ప్రారంభించే కమాండ్, దాని కింద విడిగా కనబడాల్సిన అవుట్‌పుట్. చివర ఒక్క వాక్యం: పోర్టు వాడుకలో ఉందని ఎర్రర్ వస్తే ఏ విలువ మార్చాలి. అంతే. సర్వర్ చరిత్ర, కాన్ఫిగ్ ఫైళ్ళ సిద్ధాంతం అక్కడ వద్దు. మెట్టు మెట్టుగా చేయించే పేజీ వేరు, ఎందుకలా పనిచేస్తుందో వివరించే పేజీ వేరు. రెండూ కలిపితే చేయడానికి వచ్చినవారు చదవలేరు, చదవడానికి వచ్చినవారు చేయలేరు.

కమాండ్ల ముందు డాలర్ గుర్తు పెట్టకండి, కాపీ చేసినప్పుడు అదీ వచ్చేస్తుంది (ప్రాజెక్టు శైలి పెట్టమంటే వేరే సంగతి). అవుట్‌పుట్‌ను, కమాండ్‌ను ఒకే పెట్టెలో కలపకండి. చదివేవారు మార్చాల్సిన చోటు ఏదో స్పష్టంగా తెలిసేలా పేరు పెట్టండి. ‘సింపుల్‌గా’, ‘జస్ట్’, ‘తేలిగ్గా’ లాంటి మాటలు తీసేయండి. పని ఆగిపోయిన మనిషికి అవి ఒళ్ళు మండిస్తాయి.

ఉన్న పేరాలో ఒక మాట మార్చినప్పుడు పేరా మొత్తాన్ని మళ్ళీ వరసలుగా సర్దకండి. వరసలు కదిలితే తేడాలో పది వరసలు మారినట్టు కనిపించి, అసలు మార్పు ఎక్కడుందో వెతుక్కోవాలి. ఒక్కో వాక్యం ఒక్కో వరసగా రాసే ప్రాజెక్టులు ఈ బాధ తప్పించుకోవడానికే అలా చేస్తాయి. ఇంకొకటి, శీర్షిక మారిస్తే దానికున్న లింకు కూడా మారిపోతుంది. ఆ శీర్షికకు వేరే పేజీల నుంచి లింకులున్నాయేమో గిట్ గ్రెప్‌తో చూసి వాటినీ దిద్దండి. ఆప్షన్ కొత్తగా వచ్చినదైతే ఏ వెర్షన్ నుంచో రాయండి. స్ఫింక్స్ (డాక్యుమెంటేషన్ ఫైళ్ళను వెబ్ పేజీలుగా మార్చే పరికరం) వాడే ప్రాజెక్టుల్లో దీనికి ‘వెర్షన్‌యాడెడ్’, ‘వెర్షన్‌ఛేంజ్డ్’ అనే గుర్తులు సిద్ధంగా ఉంటాయి.

స్క్రీన్‌షాట్లు వీలైనంత తగ్గించండి. ఇంటర్‌ఫేస్ రంగు మారిన రోజు అవన్నీ పాతబడతాయి, మార్చేవాళ్ళుండరు.

బిల్డ్ చేసి చూడటం

ఈ మెట్టును చాలామంది దాటేస్తారు, చాలా మార్పులు ఇక్కడే తిరిగొస్తాయి. పైథాన్ పరికరాలతో నడిచే డాక్యుమెంటేషన్ అయితే ముందు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఈ ప్రాజెక్టుకు మాత్రమే విడిగా ప్యాకేజీలు ఉండే చోటు) తయారుచేసి, డాక్స్ ఫోల్డర్‌లోని రిక్వైర్‌మెంట్స్ ఫైలు నుంచి ఇన్‌స్టాల్ చేయండి. స్ఫింక్స్ ప్రాజెక్టుల్లో సాధారణంగా ‘మేక్ హెచ్‌టీఎమ్‌ఎల్’ అంటే సరిపోతుంది. ప్రాజెక్టు చెప్పిన వెర్షన్లే వాడండి. మీ దగ్గరున్న కొత్త స్ఫింక్స్‌తో బిల్డ్ చేస్తే మీ మార్పుతో సంబంధంలేని హెచ్చరికలు వందలుగా వచ్చి, మీవి వాటిలో కలిసిపోతాయి.

మార్పు చేయకముందే ఒకసారి బిల్డ్ చేసి హెచ్చరికల లెక్క చూసుకోవడం మంచి అలవాటు. తర్వాత లెక్క పెరిగితే పెరిగినవి మీవే. ప్రాజెక్టు సర్వర్‌లో హెచ్చరికలనే ఎర్రర్లుగా లెక్కించే ఏర్పాటు తరచుగా ఉంటుంది. స్ఫింక్స్‌కు పెద్ద అక్షరం డబ్ల్యూ ఫ్లాగ్ ఇస్తే మీ దగ్గరా అలాగే ప్రవర్తిస్తుంది. బిల్డ్ పచ్చగా రావడంతో సరిపెట్టుకోకుండా బ్రౌజర్‌లో పేజీ తెరిచి చదవండి. కొత్త లింకులన్నీ నొక్కండి. కమాండ్లను పేజీ నుంచే కాపీ చేసి, ఖాళీ కంటెయినర్‌లో మళ్ళీ నడపండి. ఫైలు నుంచి కాపీ చేయడం కాదు, పేజీ నుంచే. జంట హైఫన్లు కొన్నిచోట్ల పొడవు గీతగా మారిపోయి కమాండ్ పనిచేయదు, ఆ తప్పు ఇలా చేస్తేనే దొరుకుతుంది.

కమిట్, పుల్ రిక్వెస్టు

గిట్ యాడ్ చుక్కతో అన్నీ ఒకేసారి చేర్చకండి. ఎడిటర్ సెట్టింగులు, బిల్డ్ అయిన ఫైళ్ళు వెంట వస్తాయి. గిట్ యాడ్ హైఫన్ పి ముక్క ముక్కగా చూపించి అడుగుతుంది. వరస చివర ఖాళీలు మిగిలాయేమో గిట్ డిఫ్‌కు ‘చెక్’ ఆప్షన్ ఇచ్చి చూడండి.

కమిట్ సందేశం మొదటి వరస 50 అక్షరాల చుట్టూ, తర్వాత ఒక ఖాళీ వరస, ఆ తర్వాత 72 అక్షరాలకు మించని వరసల్లో కారణం. ఏం మార్చారో తేడాలోనే కనిపిస్తుంది, ఎందుకు మార్చారో మీరు చెప్పకపోతే ఎక్కడా ఉండదు. ముందు ‘డాక్స్’ అని పెట్టాలా, ఇష్యూ సంఖ్య ఎక్కడ రాయాలి అన్నది ప్రాజెక్టును బట్టి మారుతుంది. అదే ఫైలుపై గిట్ లాగ్ తీసి చివరి పది సందేశాలు చూస్తే పద్ధతి తెలిసిపోతుంది.

పుష్ చేశాక పుల్ రిక్వెస్టు తెరవండి. ముందే పెట్టి ఉన్న నమూనాను చెరిపేయకుండా నింపండి. సమస్య ఏమిటి, ఏం మార్చారు, ఎలా పరీక్షించారు. మూడో దాంట్లో ఆపరేటింగ్ సిస్టమ్, వెర్షన్ చెప్పండి. వివరణలో ‘ఫిక్సెస్’ అన్న మాట పక్కన హ్యాష్ గుర్తుతో ఇష్యూ సంఖ్య రాస్తే, డిఫాల్ట్ బ్రాంచ్‌లో మెర్జ్ అయినప్పుడు ఆ ఇష్యూ దానంతట అదే మూసుకుంటుంది. ‘మెయింటెయినర్లు దిద్దవచ్చు’ అన్న పెట్టెలో టిక్ ఉంచండి, చిన్న సవరణలు వాళ్ళే చేసేసుకుంటారు.

తనిఖీలు మొదలుకాకుండా ఆగిపోయి కనబడితే కంగారుపడి మూసేసి మళ్ళీ తెరవకండి. క్రిప్టో తవ్వకాలకు ఉచిత యంత్రాలను దుర్వినియోగం చేయడంతో, 2021 నుంచి గిట్‌హబ్‌లో మొదటిసారి పంపేవారి తనిఖీలు నడవాలంటే మెయింటెయినర్ అనుమతి కావాలి. ఎర్రగా మారితే లాగ్ తెరిచి అసలు ఎర్రర్ చదవండి. కారణం మీ ఫైలు కాకపోవచ్చు, ఎవరి సైటో పడిపోయి లింకు తనిఖీ తప్పిందేమో. అలాంటప్పుడు ‘ఇది నా మార్పు వల్ల కాదనుకుంటున్నాను, లాగ్‌లో ఫలానా వరస చూడండి’ అని రాస్తే చాలు.

రివ్యూ

వారం, రెండు వారాలు జవాబు లేకపోవడం మామూలే. చాలామంది మెయింటెయినర్లు ఉద్యోగం అయ్యాక రాత్రిళ్ళు చూసేవాళ్ళు. ఆ తర్వాత ఒక్కసారి మర్యాదగా గుర్తుచేయండి. ముగ్గురు నలుగురిని పేరు పెట్టి పిలవడం, ప్రైవేటుగా సందేశాలు పంపడం వద్దు.

వ్యాఖ్యలు వస్తే ఒక్కోదానికీ జవాబివ్వాలి: చేశాననో, ఎందుకు చేయలేదనో. ఒప్పుకోకపోతే వాదనకు బదులు ఆధారం చూపండి. ‘కంటెయినర్‌లో నడిపితే ఈ ఎర్రర్ వచ్చింది’ అనేది అభిప్రాయం కన్నా బలమైనది. శైలి విషయంలో మాత్రం వాళ్ళ మాటే చెల్లనివ్వండి, ఆ పేజీని రేపు చూసుకోవాల్సింది వాళ్ళు. ‘ఇది కూడా చేస్తారా’ అని పని పెంచుతున్నట్టు అనిపిస్తే, దాన్ని వేరే పుల్ రిక్వెస్టుగా పంపుతానని చెప్పడంలో తప్పులేదు.

సవరణలు అదే బ్రాంచ్‌లో చేసి పుష్ చేయండి, కొత్త రిక్వెస్టు తెరవకండి. ఈలోగా మెయిన్ ముందుకు వెళ్ళి గొడవ (ఒకే చోట రెండు మార్పులు తగలడం) వస్తే గిట్ ఫెచ్ అప్‌స్ట్రీమ్, ఆ తర్వాత అప్‌స్ట్రీమ్ మెయిన్ మీదికి గిట్ రీబేస్. రీబేస్ అయ్యాక మామూలు పుష్ తిరస్కరిస్తుంది. అప్పుడు ‘ఫోర్స్’ కాకుండా ‘ఫోర్స్ విత్ లీజ్’ వాడండి. మెయింటెయినర్ మీ బ్రాంచ్‌లో ఏదైనా చేర్చి, మీరింకా దాన్ని తెచ్చుకోకపోతే మొదటిది చెప్పకుండా తుడిచేస్తుంది, రెండోది ఆగుతుంది. రివ్యూ మధ్యలో ఉంటే మాత్రం అడగనిదే రీబేస్ చేయకండి, చూసినవేవో చూడనివేవో రివ్యూయర్‌కు తెలియకుండా పోతుంది. డీసీఓ ఉన్నచోట వెబ్‌లో ‘సజెషన్’ బటన్ నొక్కి కలిపిన కమిట్‌లో సంతకం వరస పడకపోవచ్చు, పుల్ చేసుకుని చేర్చాలి.

తిరస్కరిస్తే కారణం చదవండి. ‘ఈ పేజీ పరిధిలోకి రాదు’ అన్నది మీ రాత మీద తీర్పు కాదు. అదే సమాచారం ఎక్కడ పెడితే బాగుంటుందో అడగండి.

అనువాదాలు

ఇంటర్‌ఫేస్ అనువాదాలు ఎక్కువగా వెబ్‌లేట్, క్రౌడిన్, పొంటూన్ లాంటి అనువాద వేదికల మీద జరుగుతాయి. ప్రాజెక్టు అవి వాడుతుంటే పీఓ ఫైలును (అనువాద వాక్యాలుండే ఫైలును) నేరుగా దిద్ది పంపకండి, రెండు వైపులా తేడా వచ్చి మీది పోతుంది.

ఇక్కడ యంత్రం పట్టుకునే తప్పులు కొన్నే. శాతం గుర్తుతో మొదలయ్యే ఖాళీలను (ప్రోగ్రామ్ తర్వాత విలువ నింపే చోట్లను), మీసాల బ్రాకెట్లలోని పేర్లను అనువదించకూడదు, వదిలేయకూడదు. ఒకటి తప్పినా ప్రోగ్రామ్ ఆ సందేశం చూపించేచోట కుప్పకూలవచ్చు. తెలుగులో మాటల వరస మారుతుంది కాబట్టి రెండు ఖాళీలున్న వాక్యాల్లో సంఖ్య వేసిన రూపం వాడాలి. ఆ సౌకర్యం మూల వాక్యంలో లేకపోతే ఇష్యూ తెరిచి అడగండి. తెలుగుకు బహువచన రూపాలు రెండు, ఏకవచనం ఖాళీగా వదలకండి. ‘ఫజ్జీ’ అని గుర్తుపడిన వాక్యాలు మామూలుగా వాడేవారికి చేరవు. మూలం మారినందువల్ల ఆ గుర్తు పడుతుంది, సరిచూసి తీసేయాలి. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల మధ్య ఉండే కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను (అక్షరాలు కలిసిపోకుండా ఆపే గుర్తును) అందరూ ఒకేలా వాడాలి. ఒకచోట ఉండి ఒకచోట లేకపోతే వెతుకులాటలో ఆ రెండూ వేర్వేరు మాటలవుతాయి.

మెర్జ్ అయ్యాక

వెబ్‌లో బ్రాంచ్ తొలగించండి. మీ కంప్యూటర్‌లో చిన్న డి ఫ్లాగ్‌తో తీసేయబోతే ‘పూర్తిగా మెర్జ్ కాలేదు’ అని గిట్ ఒప్పుకోకపోవచ్చు. మీ కమిట్లన్నీ కలిపి ఒకటిగా స్క్వాష్ చేసి మెర్జ్ చేయడం వల్ల గిట్ వాటిని గుర్తుపట్టదు. మెర్జ్ అయినట్టు వెబ్‌లో చూసుకుని పెద్ద డి వాడండి. తర్వాత మీ మెయిన్‌ను అప్‌స్ట్రీమ్‌తో సమం చేసుకోండి, తర్వాతి బ్రాంచ్ అక్కడి నుంచి తీయాలి.

సైట్‌లో మీ మార్పు కనబడకపోతే పేజీ చిరునామాలోని వెర్షన్ చూడండి. డాక్యుమెంటేషన్ ఉంచే ‘రీడ్ ద డాక్స్’ సైట్‌లో ‘లేటెస్ట్’ సాధారణంగా డిఫాల్ట్ బ్రాంచ్‌ను చూపిస్తుంది, ‘స్టేబుల్’ చివరి విడుదలను చూపిస్తుంది. మీరు దిద్దిన లోపం ఇప్పటి విడుదలను వాడేవారికీ ఉంటే, పాత బ్రాంచ్‌కు బ్యాక్‌పోర్ట్ చేస్తారా అని పుల్ రిక్వెస్టులోనే ఒక వ్యాఖ్యగా అడగండి. చాలా ప్రాజెక్టుల్లో దానికి ఒక లేబుల్ ఉంటుంది, మెయింటెయినర్ అది తగిలిస్తే మిగతాది రోబో చూసుకుంటుంది. లేకపోతే ఆ బ్రాంచ్ నుంచి కొత్త బ్రాంచ్ తీసి, గిట్ చెర్రీ పిక్‌తో మీ కమిట్‌ను తెచ్చుకుని మరో పుల్ రిక్వెస్టు పంపాలి. పంపేటప్పుడు బేస్ బ్రాంచ్ మార్చడం మరిచిపోకండి, మామూలుగా అది మెయిన్‌కే పెట్టి ఉంటుంది.